చేతికందే దూరంలో సబ్బు

మన ఇళ్ళలో ఒక విచిత్రమైన అలవాటుంది. భోజనానికి రమ్మని పిలిస్తే పంపు కింద చెయ్యి ఒకసారి తడిపి, తువ్వాలుకో చీరకొంగుకో అద్దుకుని వచ్చి కూర్చుంటాం. తినడం అయ్యాక మాత్రం సబ్బు ఎక్కడుందని వెతుక్కుంటాం. చేపల పులుసు వాసనో, నెయ్యి జిడ్డో ఓ పట్టాన వదలవు కదా, రెండుసార్లు రుద్ది మరీ కడుగుతాం. నోట్లోకి వెళ్ళబోయే చేతికి వట్టి నీళ్ళు, వెళ్ళొచ్చిన చేతికి సబ్బు! పెళ్ళి భోజనాల్లో గమనించండి. బంతి లేచాక కుళాయిల దగ్గర తోపులాట. బంతి మొదలు కాకముందు అదే కుళాయిల దగ్గర పురుగు కూడా ఉండదు.

2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో దేశమంతటా ఇంటింటికీ వెళ్ళి ఈ సంగతి అడిగారు. దొడ్డికెళ్ళి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కునే కుటుంబాలు నూటికి 74 అని తేలింది. భోజనానికి ముందు సబ్బు వాడేవి నూటికి సుమారు 36. నూటికి 60 ఇళ్ళలో అన్నానికి ముందు నీళ్ళతోనే సరిపెట్టేస్తున్నారు. సబ్బు కొనలేక అనడానికి వీల్లేదు. దొడ్డికెళ్ళొచ్చాక వాడుతున్నది ఆ ఇంటి సబ్బే. కాకపోతే అది స్నానాలగదిలో ఉంటుంది, అన్నం తినేది మరోచోట. పైగా మురికికి వాసన ఉంటుంది, జిడ్డు ఉంటుంది. క్రిమికి ఆ రెండూ లేవు. వాసన లేని దానికోసం లేచి స్నానాలగది దాకా ఎవరు వెళ్తారు?

నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్ళు ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసుకునే బాధ్యత నాది. వార్డుల్లో ఎవరు ఎప్పుడు చేతులు కడుగుతున్నారో, ఎవరు కడగడం లేదో చూసి రాసుకోవడం ఆ ఉద్యోగంలో ఒక భాగం. అందరికీ చేదైన ఉద్యోగం అది. నేను కాగితం, కలం పట్టుకుని వార్డులోకి అడుగుపెడితే చాలు, వాష్ బేసిన్ దగ్గర జనం పోగయ్యేవారు. నేను వెళ్ళిపోగానే వాళ్ళూ వెళ్ళిపోయేవారు. చేతులు ఎందుకు కడుక్కోవాలో తెలియనివాళ్ళు ఆ వార్డులో ఒక్కరు కూడా లేరు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే. చేతి శుభ్రతలో జ్ఞానం పాత్ర చిన్నది. సబ్బు ఎంత దూరంలో ఉంది, కడుక్కోమని ఎవరికి ఎవరు చెప్పగలరు, అసలు కథంతా ఈ రెండింటి దగ్గరే నడుస్తుంది.

దీనికి పాత సాక్ష్యం ఒకటుంది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పెద్ద ప్రభుత్వాసుపత్రి. అందులో ప్రసూతికి రెండు విభాగాలు. మొదటిదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుళ్ళు పోసేవారు. రెండోదాంట్లో మంత్రసానులు, ఆ పని నేర్చుకునే ఆడవాళ్ళు. వచ్చిన గర్భిణిని ఏ విభాగంలో చేర్చుకోవాలన్నది ఆ రోజును బట్టి ఉండేది. మొదటి విభాగంలో నూటికి పదిమంది దాకా బాలింత జ్వరంతో పోతుంటే, రెండోదాంట్లో ముగ్గురో నలుగురో పోయేవారు. ఈ సంగతి ఊళ్ళో పేదరాళ్ళందరికీ తెలుసు. మొదటి విభాగం అనగానే కాళ్ళమీద పడి, మాకొద్దు బాబూ అని ఏడ్చేవారట. దారిలోనే కాన్పయిపోయి, బిడ్డతో సహా వచ్చి చేరినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు జ్వరం తక్కువగా వచ్చేదన్నది ఇంకా వింత.

1846లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే హంగేరీ యువ వైద్యుడు అక్కడ సహాయకుడుగా చేరాడు. అప్పుడతనికి 28 ఏళ్ళు. కారణం వెతకడానికి అతను పడని పాట్లు లేవు. జనం కిక్కిరిసి ఉండటం వల్లనా అంటే, రెండో విభాగమే ఎక్కువ కిక్కిరిసి ఉండేది. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకు చివరి ప్రార్థన చదవడానికి ఒక పాదిరి గంట మోగించుకుంటూ మొదటి విభాగం మీదుగా నడిచేవాడు. ఆ గంట చప్పుడుకు బాలింతలు హడలిపోతున్నారేమోనని, గంట మాన్పించి దారి కూడా మళ్ళించాడు. ఏమీ మారలేదు. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి కాన్పు చేయించి చూశాడు. దాంతోనూ ఏమీ మారలేదు.

1847 మార్చిలో అతని స్నేహితుడు, ప్రొఫెసర్ యాకొబ్ కొల్లెచ్‌కా చనిపోయాడు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి ఆయన వేలికి తగిలింది. ఆ చిన్న గాయం పెరిగి ప్రాణం తీసింది. ఆయన శవపరీక్ష నివేదిక చదివితే లోపల కనిపించినవన్నీ బాలింత జ్వరంతో పోయినవాళ్ళలో కనిపించినవే. అప్పుడు ముడి విడిపోయింది. డాక్టర్లు, విద్యార్థులు పొద్దున్నే శవాలను కోసి, ఆ చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షిస్తున్నారు. మంత్రసానులకు శవాల గదితో పనిలేదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

మే నెల మధ్యలో సెమ్మెల్‌వైస్ ఒక నియమం పెట్టాడు. శవాల గది నుంచి వచ్చే ప్రతివాడూ క్లోరిన్ కలిపిన నీళ్ళలో చేతులు కడిగాకే వార్డులోకి రావాలి. మొదట వాడిన మందు ఖరీదని, తర్వాత క్లోరినేటెడ్ లైమ్‌కు మారాడు. అదేదో కొత్త వస్తువనుకోకండి, మన పంచాయతీ వాళ్ళు బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరే. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన చోట జూన్‌లో ఇద్దరు, జూలైలో ఒకరు. మరుసటి ఏడాది, 1848లో, రెండు నెలల్లో ఒక్క చావు కూడా లేదు.

ఈ కథ చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నర్సులకు పాఠంగా చెప్పవలసింది మాత్రం దీని తర్వాత జరిగింది. 1847 అక్టోబరులో గర్భాశయ క్యాన్సరుతో రసి కారుతున్న ఒకామెను వరసలో మొదటి మంచం మీద చేర్చారు. డాక్టర్లు వార్డులోకి వచ్చేముందు నియమం ప్రకారం చేతులు కడిగారు. ముందు ఆమెను పరీక్షించి, మధ్యలో కడుక్కోకుండా మిగతావాళ్ళను పరీక్షించుకుంటూ పోయారు. అప్పుడు కాన్పయిన పన్నెండు మందిలో పదకొండు మంది పోయారు. విషం శవాల గది నుంచే రానక్కరలేదు, బతికున్న మనిషి నుంచి పక్క మనిషికి కూడా చేతిమీదే వెళ్తుందని అప్పుడు తెలిసింది. గుమ్మం దగ్గర ఒకసారి కడిగితే సరిపోదు, మంచానికీ మంచానికీ మధ్య కడగాలి. ఇప్పటికీ మన వార్డు రౌండ్లలో తప్పిపోయేది ఇదే. పొద్దున డ్యూటీలోకి వచ్చేటప్పుడు శుభ్రంగా కడుక్కుంటారు. ఒకటో బెడ్ నుంచి ముప్పయ్యో బెడ్ దాకా మళ్ళీ చేతికి నీళ్ళు తగలవు.

ఇంత రుజువు చూపించినా సెమ్మెల్‌వైస్ మాట చెల్లలేదు. 1849లో అతని ఉద్యోగం పొడిగించలేదు. క్రిమి సిద్ధాంతం ఇంకా రాలేదు కాబట్టి శాస్త్రపరమైన అభ్యంతరాలు కొన్ని ఉన్నమాట నిజమే. అసలు మంట మాత్రం వేరు. నీ చేతుల వల్లే నీ రోగి చచ్చిపోయింది అంటే ఏ ప్రొఫెసర్ ఊరుకుంటాడు? అదే కాలంలో అమెరికాలో, ఫిలడెల్ఫియాలో, చార్లెస్ మెగ్స్ అనే ప్రసూతి వైద్యాచార్యుడు డాక్టర్లు పెద్దమనుషులని, పెద్దమనుషుల చేతులు శుభ్రంగానే ఉంటాయని వాదించాడు. మెగ్స్ పోయి నూటయాభై ఏళ్ళు దాటినా ఆయన వాదం మాత్రం ఇంకా రౌండ్లకు వస్తూనే ఉంది. సెమ్మెల్‌వైస్ 1865లో వియన్నాలోని ఒక పిచ్చాసుపత్రిలో, 47వ ఏట పోయాడు. చేతికైన గాయం చీము పట్టి ప్రాణం తీసింది.

ఇప్పటి సంగతికి వద్దాం. ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో, ధనిక దేశాల్లో ఏడుగురికి, మనలాంటి దేశాల్లో పదిహేనుమందికి, చేరేటప్పుడు లేని ఇన్ఫెక్షన్ ఏదో ఒకటి ఆసుపత్రిలోనే అంటుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. కుట్ల దగ్గర చీము, యూరిన్ ట్యూబ్ పెట్టాక వచ్చే జ్వరం, వెంటిలేటర్ మీద ఉండగా వచ్చే న్యుమోనియా, ఇవన్నీ ఆ కోవలోవే. అక్కడ తిరిగే క్రిములు మామూలువి కావు. మందులకు లొంగడం మానేసిన రకాలు. ఎసినెటోబాక్టర్ అనేదాన్ని ఐసియులో పనిచేసినవాళ్ళు మరిచిపోలేరు. మంచం పట్టీ మీద, బీపీ పట్టీ మీద పొడిగా ఉండి కూడా రోజుల తరబడి బతుకుతుంది. దానికి కాళ్ళు లేవు. మన చెయ్యి ఎక్కే ప్రయాణం చేస్తుంది.

మరి తెలిసి కూడా ఎందుకు కడగరు? 1990లలో జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డిడియె పిట్టె అనే వైద్యుడు ఈ ప్రశ్న వేసుకుని, తిట్టడం మాని లెక్క కట్టాడు. ఐసియులో ఒక నర్సు గంటకు ఇరవైసార్లకు పైగా చేతులు శుభ్రం చేసుకోవలసి వస్తుంది. బేసిన్ దాకా వెళ్ళి, కడిగి, తుడుచుకుని తిరిగి రావడానికి ఒక నిమిషం నుంచి నిమిషంన్నర. అంటే గంటలో అరగంట బేసిన్ దగ్గరే పోవాలి. చెప్పినట్టు కడిగితే రోగిని చూసే తీరిక ఉండదు, రోగిని చూస్తే కడిగే తీరిక ఉండదు. అందుకని ఆయన బేసిన్‌ను పక్కన పెట్టి, ఆల్కహాల్ ద్రావణం సీసాను ప్రతి మంచం దగ్గరికీ, ప్రతి జేబులోకీ తెచ్చాడు. వంట చేసేటప్పుడు ఉప్పు కోసం ఎవరూ పెరట్లోకి వెళ్ళరు, పొయ్యి పక్కనే పెట్టుకుంటారు. అంతే సూత్రం. మూడేళ్ళలో చేతులు శుభ్రం చేసుకోవడం నూటికి 48 నుంచి 66కు పెరిగింది. ఆసుపత్రిలో అంటుకునే ఇన్ఫెక్షన్లు నూటికి సుమారు 17 నుంచి 10కి దిగాయి. 2000లో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

ఆ ద్రావణం తయారీ రహస్యమేమీ కాదు. 80 శాతం ఇథైల్ ఆల్కహాల్ గానీ 75 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ, చర్మం పగలకుండా కాస్త గ్లిసరిన్, కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్, మిగతాది నీళ్ళు. ఆసుపత్రి ఫార్మసీలోనే కలుపుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే కొలతలతో సహా ఇచ్చింది. అచ్చమైన ఆల్కహాల్ ఇంకా బాగా పనిచేస్తుందేమో అనుకుంటారు. చెయ్యదు. క్రిమి లోపలి ప్రొటీన్ విరిగిపోవాలంటే కొంత నీరు ఉండాలి. ఇరవై, ముప్పై సెకన్లు చేతులంతా రాసి, ఆరిపోయేదాకా రుద్దాలి. చేతికి రక్తమో మలమో మట్టో అంటితే, లేదా విరేచనాల రోగిని చూస్తే దీన్ని నమ్ముకోవద్దు, సబ్బూ నీళ్ళే కావాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 జూలై చివర్లో, లాక్‌డౌన్‌లో మందు దొరక్క, ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. సీసా అందుబాటులో ఉండాలి, అది ఏమిటో అందరికీ తెలిసీ ఉండాలి.

ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో పన్నెండో బెడ్ దగ్గర చూద్దాం. ఆ బెడ్ పేషెంటుకు సెలైన్ మార్చాలి. సిస్టర్ ఆయన చెయ్యి పట్టుకోకముందే ఒకసారి ద్రావణం రాసుకోవాలి. క్యాన్యులా మూత తీసేముందు మరోసారి, ఎందుకంటే ఆ రంధ్రం నేరుగా రక్తంలోకి దారి. మూత తీసినప్పుడు ఓ రక్తపు చుక్క వేలికి తగిలితే వెంటనే కడుక్కోవాలి. పని ముగించి వచ్చేటప్పుడు ఒకసారి. ఐదోది అందరూ మరిచేది. పేషెంటును ముట్టుకోలేదు, మంచం చివర కేస్ షీట్ సర్ది, యూరిన్ బ్యాగ్ ఒకసారి కదిపి చూసి వచ్చేసింది అనుకోండి, అప్పుడూ శుభ్రం చేసుకోవాలి. మంచం కూడా పేషెంటు ఒంటి కిందే లెక్క.

ఇక గ్లవ్స్ సంగతి. గ్లవ్స్ వేసుకున్న చెయ్యి తన చర్మాన్ని కాపాడుకుంటుంది గానీ, పక్క మంచం వాణ్ణి కాపాడదు. ఒకే జత వేసుకుని నాలుగు బెడ్లకు డ్రెస్సింగ్ చేసి, మధ్యలో సెల్‌ఫోన్ ఎత్తి మాట్లాడినవాళ్ళను చూశాను. అంతకన్నా వట్టి చేతులే నయం. జిడ్డుగా ఉంటే కడగాలన్న బుద్ధయినా పుడుతుంది. గ్లవ్స్ తీశాక కూడా చేతులు కడగాలి.

రేడియో దగ్గర కూర్చున్నవాళ్ళు ఇప్పుడు ఒకసారి చేతులు చాచి, నీళ్ళు లేకుండానే కడిగినట్టు నటించండి. ఏం చేశారు? రెండు అరచేతులూ కలిపి నాలుగుసార్లు రుద్దారు, అంతేనా? బొటనవేళ్ళు ఎవరూ పట్టించుకోరు. శిక్షణలో మేమొక పని చేసేవాళ్ళం. చీకట్లో నీలం దీపం కింద మెరిసే లోషన్ చేతులకు రాసి, కడుక్కు రమ్మని పంపేవాళ్ళం. వచ్చాక దీపం కింద పెడితే అరచేతులు నల్లగా, శుభ్రంగా కనిపించేవి. బొటనవేళ్ళు, వేళ్ళ కొసలు, గోళ్ళ అంచులు, ఉంగరం చుట్టూ మాత్రం తెల్లగా మెరుస్తూ ఉండేవి. అన్నం కలిపేదీ, ముద్ద నోటికి అందించేదీ, సూది పట్టుకునేదీ ఆ వేళ్ళ కొసలే కదా. ఒక బొటనవేలిని రెండో చేతి పిడికిట్లో పట్టుకుని తిప్పాలి. వేళ్ళ కొసలను ఎదుటి అరచేతిలో గుండ్రంగా రుద్దాలి. సబ్బుతో అయితే మొత్తం ముప్పావు నిమిషం నుంచి నిమిషం. నీళ్ళు వేడిగా ఉండాలన్న నియమమేమీ లేదు. కడిగాక ఆరబెట్టుకోవాలి, తడిచేతికి క్రిములు తేలిగ్గా అంటుతాయి. బేసిన్ పక్కన వారం రోజులుగా వేలాడుతూ, అందరూ తుడుచుకుని తుడుచుకుని అట్టకట్టిన తువ్వాలు ఉంటే, దానికన్నా చేతులు గాలికి ఆరనివ్వడం మేలు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే నవజాత శిశు విభాగంలో ఈ నియమాలు మరీ గట్టిగా ఉంటాయి. గడియారం, ఉంగరాలు, గాజులు తీసేసి, మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వెళ్ళాలి. చెప్పడం సులువే. మొదటి కాన్పు పిల్ల, పందొమ్మిదేళ్ళుంటాయేమో, చేతినిండా మట్టిగాజులు, మణికట్టుకు కాశీదారం, అదీ తడిసి తడిసి నల్లబడింది. "గాజులు తీస్తే అత్తమ్మ ఊరుకోదు సిస్టర్" అంటుంది. బయట అత్తమ్మ నిలబడే ఉంది. అక్కడ క్రిముల గురించి ఉపన్యాసం ఇస్తే బిడ్డ దగ్గరికి తల్లి రాకుండా పోతుంది. మేం గాజులన్నీ మోచేతి పైకి జరిపి, జారకుండా గాజుగుడ్డ పట్టీ చుట్టేవాళ్ళం. దారం మాత్రం తీయించేవాళ్ళం. "బిడ్డ ఇంటికెళ్ళే రోజున కొత్తది కట్టుకుందువు గాని" అంటే అత్తమ్మలు కూడా ఒప్పుకునేవారు.

మన ఆసుపత్రుల్లో సగం సేవ చేసేది వెంట వచ్చిన ఇంటివాళ్ళే. అన్నం తినిపించేదీ, బెడ్‌పాన్ పెట్టేదీ, ఒళ్ళు తుడిచేదీ వాళ్ళే. పక్క బెడ్ ముసలాయన దగ్గర ఎవరూ లేకపోతే, పాపం అని ఆయనకూ మంచినీళ్ళు పట్టేదీ వాళ్ళే. ఆ మంచి గుణం పోకూడదు. కానీ ఏ ఆసుపత్రి పోస్టరూ వాళ్ళతో మాట్లాడదు. అందులో బొమ్మలన్నీ తెల్లకోటు వాళ్ళవి. కొన్ని వార్డుల్లో సబ్బు పోతుందని స్టాఫ్ గదిలో పెట్టి తాళం వేస్తారు. అటెండెంట్ల బేసిన్ దగ్గర, నీళ్ళలో నాని పేస్టులా అయిన సబ్బుముక్క ఒకటి ఉంటుంది, అదీ అదృష్టం బాగుంటే.

ఇంటి విషయంలో నన్ను బాగా కదిలించిన పరిశోధన కరాచీ మురికివాడల్లో జరిగింది. స్టీఫెన్ లూబీ, ఆయన సహచరులు కొన్ని వాడల్లో కుటుంబాలకు వారం వారం సబ్బు ఇచ్చి, ఎప్పుడు కడగాలో చెబుతూ వచ్చారు. 2005లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆ ఇళ్ళలో అయిదేళ్ళలోపు పిల్లలకు న్యుమోనియా సగానికి తగ్గింది, పదిహేనేళ్ళలోపు పిల్లలకు విరేచనాలు కూడా సగానికి పైగా తగ్గాయి. కొన్ని ఇళ్ళకు క్రిమిసంహారక సబ్బు, కొన్నిటికి మామూలు సబ్బు ఇచ్చారు. రెండింటికీ తేడా కనిపించలేదు. టీవీలో క్రిములను భూతద్దంలో చూపించి అమ్మే సబ్బుకు మీరు ఎక్కువ డబ్బు పోయనక్కరలేదు. వొంటిసబ్బు ఏదైనా పనిచేస్తుంది. క్రిమిని చంపడం అటుంచి, జిడ్డుతో పాటు దాన్ని ఊడదీసి నీళ్ళలోకి పంపడం సబ్బు చేసే ముఖ్యమైన పని.

సబ్బు ఎవరో పట్టుకుపోతారని, పిల్లలు నీళ్ళలో పారేస్తారని భయముంటే బంగ్లాదేశ్ వాళ్ళు చేసినట్టు చెయ్యండి. లీటరున్నర సీసాలో నాలుగు చెంచాల సర్ఫు పొడి వేసి నీళ్ళు కలిపి, మూతకు రంధ్రం చేసి, అన్నం తినే చోట వేలాడదీయండి. హాస్టళ్ళకు, అంగన్‌వాడీలకు ఇంతకన్నా చవకైన ఏర్పాటు లేదు. వంట మొదలుపెట్టేముందు, పిల్లకు గోరుముద్దలు పెట్టేముందు, పసిబిడ్డ దొడ్డి కడిగాక, ఈ మూడు వేళల్లో అది చేతికి తగిలితే చాలావరకు గట్టెక్కినట్టే. బాలింతను చూడ్డానికి చుట్టాలు వస్తారు, రాగానే బిడ్డను చేతుల్లోకి తీసుకుని బుగ్గలు నొక్కుతారు. వద్దనడానికి బిడ్డ తల్లికి నోరు రాదు. ఆ గది గుమ్మం పక్కన స్టూలు మీద సీసా పెడితే, పెద్దావిడెవరైనా "కాస్త చేతులు కడుక్కుని ఎత్తుకోమ్మా" అనడానికి వీలుంటుంది.

ఆసుపత్రిలో ఆ మాట అనడం ఇంకా కష్టం. డాక్టరుగారిని చేతులు కడుక్కున్నారా అని ఏ రోగి అడగగలడు? నర్సు కూడా అడగదు, ఆయాకయితే ఆ ఊహే రాదు. అడిగే హక్కు మీకుందని కొన్ని దేశాల్లో రోగులకు బ్యాడ్జీలిచ్చారు, పోస్టర్లు పెట్టారు. మన దగ్గర హక్కు ఉన్నా నోరు పెగలదు. ఒక సర్జికల్ వార్డులో మనవడికి తోడున్న ఒక అవ్వ దీనికి దారి చూపించింది. మంచం చివర తగిలించిన సీసా తీసి పట్టుకుని, రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరుకు ఎదురెళ్ళి, అతిథికి కాళ్ళకు నీళ్ళిచ్చినంత మర్యాదగా, "ఇదిగో నాయనా, చెయ్యి పట్టు" అంది. ఆయన నవ్వి చెయ్యి పట్టాడు. వెనక వచ్చిన పీజీలంతా వరసగా చేతులు పట్టారు. మర్నాటి నుంచి ఆయన ఆ మంచం దగ్గరికి రాగానే తానే అడిగి పోయించుకున్నాడు. అడిగితే తప్పు పట్టినట్టుంటుంది. అందిస్తే ఎవరూ కాదనరు. మీవాళ్ళు ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే ఈ పద్ధతి ప్రయత్నించండి.

ఆసుపత్రుల పెద్దలు వింటుంటే వారికో మాట. ఏటా మే 5న చేతి శుభ్రత దినం జరుపుతారు, ఐదు వేళ్ళకు గుర్తుగా ఐదో నెల ఐదో తేదీ. బ్యానరు కట్టి, ఆరు భంగిమల్లో చేతులు కడిగి ఫొటోలు దిగుతాం. దిగండి, కాదనను. దాంతోపాటు స్టోరు రిజిస్టరు కూడా తెప్పించండి. వెయ్యి రోగి దినాలకు కనీసం 20 లీటర్ల ద్రావణం ఖర్చు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్ద పెట్టింది. ముప్పై పడకల వార్డు నెలంతా నిండుగా ఉంటే తొమ్మిది వందల రోగి దినాలు, అంటే నెలకు 18 లీటర్లు. అరలీటరు సీసాలైతే ముప్పై ఆరు. మీ వార్డు సిస్టర్ పోయిన నెల ఎన్నింటికి ఇండెంట్ పెట్టింది, అందులో స్టోరు ఎన్ని ఇచ్చింది, రెండూ పక్కపక్కనే రాసి ఉంటాయి.